ముల్లు నిలిచేదాకా

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దున మన గని పవర్‌హౌస్‌ల జనరేటర్‌కు పెట్టిన కొత్త కంట్రోలర్‌ను పరీక్ష చేసిన్రు. పాతది కరెంటుల చిన్న ఊపులనే ఆపేదట. ఇది ఎంత పెద్ద ఊపొచ్చినా, జనరేటర్ తీరు చూసి తనే సర్దుకుంటదట. ఇంజనీర్ సాబ్ చెప్పిండు. బయటి కరెంటు లైన్ తీసేసి, పెద్ద ఊపు రావాలని నడిచే క్రషర్‌ను ఒక్కసారే ఆపుతమన్నరు. వదిన ఆస్పత్రిల ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నది, ఆడికి పోయేది గూడ మన కరెంటే. రేపు చేద్దాం సాబ్ అన్న నేను. "బ్యాకప్ హై నా," ఉన్నది గదా అన్నడు.

క్రషర్ ఆగింది. మీటర్ ముల్లు ఊగింది. నా చెయ్యి దాన్ని సర్దే నాబ్ కోసం పోయింది. ఆడ నాబ్ లేదు, తీసేసి రేకు బిగించిన్రు.

మా ఊరు కొంటా నుంచి పనికి వచ్చిన కొత్తల నేను ముల్లు వెంటపడి నాబ్ తిప్పినకొద్దీ ఊపు పెరిగింది, యాదుందా? అది నిలిచేదాకా నా రెండు చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నవ్. ఇయ్యాల నా చేతులు నేనే ఎనక్కి పట్టుకున్న. ముల్లు రెండుసార్లు ఊగి నిలబడ్డది. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను ఆస్పత్రికి ఉరికిన.

వదిన ముక్కుకు గొట్టంతోనే కమలాపండు ఒలుస్తున్నది. లైటు ఒక్కసారి గూడ మినుకుమనలేదట. తలుపుకాడ నిలబడ్డ నన్ను చూసి, "చేతులు ఎనక దాచినవేంది తమ్మీ, ఏం తెచ్చినవ్?" అన్నది.

ముందుకు చాపిన. ఖాళీ చేతులల్ల ఒక కమలా తొన పెట్టింది.