సామికి వదిలిన మేకపోతు

పెరియంపట్టి

నా గౌరక్కకు,

నీ చెల్లెలు యోగ దండాలు పెట్టి రాసేది. ఫోనుండగా కాగితం ఎందుకంటావేమో. ఈ ఇంట్లో ఫోనెత్తితే చాలు, అందరి చెవులూ ఇటే తిరుగుతాయి. అందరూ తెలుగే మాట్లాడతారు గానీ చదవడం ఒక్కరికీ రాదు. హోసూరు బళ్ళో నువ్వు చెవి మెలిపెట్టి నేర్పిన అక్షరాలు ఇన్నాళ్ళకు ఇలా పనికొచ్చాయి.

మా దొర సంగతి రాయాలి. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి నేను పెంచిన మేకపోతు వాడు. నేను కొట్టుకు పోతే వెనకే వస్తాడు, నా మంచం పక్కనే పడుకుంటాడు. పోయినేడు మీ మరిది బండి మీంచి పడి ధర్మపురి ఆసుపత్రిలో తెలివి లేకుండా ఉన్నాడు కదా. అప్పుడు మా అత్త సాకమ్మ వాణ్ణే మునియప్పసామికి బలిస్తానని మొక్కింది. అత్త నీకు గుర్తుందిగా, అరవై దాటినా నడుము దాటే జుట్టు, దాన్ని చూసుకుని మురిసిపోయే మనిషి. ఆయన లేచాడు, నడిచాడు, ఇప్పుడు పాలవ్యాను తోలుతున్నాడు. వచ్చే ఆడి నెలలో మొక్కు తీర్చాలి. మొగుడి ప్రాణం కంటే మేక ఎక్కువా అని అత్త అంటే కాదనే అన్నాను. అని, దొడ్లోకి పోయి ఏడ్చాను.

మొన్న ఇడ్లీపిండి రుబ్బి, గిన్నె మీద మూత పెట్టకుండా నీళ్ళకు పోయాను. వచ్చేసరికి సగం పిండి దొర కడుపులో ఉంది. మధ్యాహ్నానికి నెమరు ఆగిపోయింది. ఎడమ డొక్క ఉబ్బి తప్పెటలా బిర్రుగా అయింది. పడుకుంటాడు, లేస్తాడు, పళ్ళు కొరుకుతాడు. అత్త ఓమం నూరి నూనెలో కలిపి, మూతి పైకెత్తి పట్టుకుని గొంతులో పోసింది. వాడికి దగ్గు పట్టుకుంది. కారిమంగళం పశువుల ఆసుపత్రికి తీసుకుపోదాం అన్నాను.

"వద్దు. ఆడ సూది గుచ్చుతారు. సామికి ఇడిచినదాని మింద ఇనుము పడితే సామి ఒప్పుకోడు. మళ్ళా నా కొడుక్కి ఏమన్నా అయితే నువ్వు జవాబు చెప్తావా?"

అయినా ఆమె సంతకు పోగానే మా వీధి మాదేశ్వరన్ ఆటో పిలిచాను. దారంతా వాడి తల నా కాళ్ళ మీదే ఉంది.

ఆసుపత్రిలో తెన్మొళి అని డాక్టరమ్మ ఉంది. ముందు నోట్లోంచి గొట్టం వేసింది. గాలి సరిగా రాలేదు. ఇంక ఆగితే ఊపిరాడక చచ్చిపోతుంది, డొక్కలో గుచ్చాలి అంది. గుచ్చండి అన్నాను. బుస్సుమని పుల్లటి గాలి కొట్టింది. తర్వాత నన్ను దులిపేసింది. డొక్క ఉబ్బి నెమరు ఆగిందంటే అది ఇంటి వైద్యానికి ఆగే జబ్బు కాదట, వెంటనే తీసుకురావాలట. అలా మూతెత్తి నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందట.

అక్కా, నీతోనే చెప్పుకోగలిగిన మాట ఒకటుంది. సూది దిగినప్పుడు నాకు సంతోషం వేసింది. ప్రాణం నిలిచిందని ఒక్కటే కాదు, ఇంక వీడు సామికి పనికిరాడని. అప్పటినుంచి ఆయన వ్యాను కాస్త ఆలస్యమైతే చాలు, వీధి చివరిదాకా పోయి చూసి వస్తున్నాను. మేక కోసం మొగుణ్ణి పందెం కాశానా? డొక్క మీద కట్టు చూసి అత్త ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. ఆయనేమో "మీరూ మీరూ చూసుకోండి" అని తప్పుకున్నాడు. నేను చేసింది తప్పయితే తప్పనే రాయి.

నీ చెల్లెలు
యోగలక్ష్మి


పెరియంపట్టి

అక్కా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. నిన్న పొద్దున్నే అత్త ఎవరికీ చెప్పకుండా మునియప్ప గుడికి పోయింది. దొరకు బదులు ఇంకో పోతును బేరం చేయడానికేమో అనుకున్నాను. సాయంత్రం వాకిట్లో ఎవరో ముసలామె నిలబడితే ఎవరు కావాలమ్మా అని అడిగాను కూడా. అత్తే. నున్నటి గుండు, దాని మీద చందనం.

"ఏందత్తా ఇది?"

"సామికి మాట మార్చి చెప్పినాను. మేకకి బదులు నా జుట్టు ఇచ్చినాను. నాది మళ్ళా మొలుస్తుంది. దాని తల మొలుస్తుందా?"

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె నా పక్కన కూర్చుంది. "ఆ పొద్దు నేను నూనె పోస్తా ఉంటే అది దగ్గుతా నా మొగమే చూసింది. సామికి ఇచ్చేది ఎప్పుడో, ముందు నేనే చంపుతా ఉన్నాను అనుకున్నా. చెప్పేదానికి నోరు రాలేదు. ఇంకోసారి కడుపు ఉబ్బిందా, నన్ను అడగొద్దు. ఆటో పిలువు."

ఆయన వ్యాను వేళకే వచ్చింది. తల్లిని చూసి గడపలోనే నిలబడిపోయాడు. ఇది రాస్తున్నప్పుడు దొర అరుగెక్కి అత్త గుండు మీద చందనం నాకుతున్నాడు. "పోరా ఎదవా" అంటోంది గానీ, వాడికి అందేలా తల వంచే కూర్చుంది.

నీ యోగ