కంబళి తప్పు కాదని చెప్పమని

మాతా శిశు ఆరోగ్య అధికారి గారి సముఖమునకు, యాడికి మండలం నల్లగుట్టపల్లిలో గొర్లు మేపుకొని బతుకు కురుబ వీరప్ప పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పుట్టగానే ఏడవని నా కూతురు ఆశ్రితకు మెదడు దెబ్బతిన్న విషయంలో, తాము మా అమ్మను అన్న ఒక మాటను వెనక్కి తీసుకొనుట గురించి.

1. నా భార్య నందిని పోయిన మే నెలలో మా దగ్గరి ఆస్పత్రిలో ప్రసవించినది. కాన్పు కష్టమై బిడ్డకు ఊపిరి ఆలస్యమైనది. నర్సు సారా గారు గాలి కొట్టి ఊపిరి తెప్పించినారు. ఆమె వైపు లోపమేమీ లేదు. "అన్నా, బిడ్డ మెదడుకు గాలి అందలేదు. పెద్దాసుపత్రిలో బిడ్డను చల్లబరిచే మిషన్ ఉండాది. ఆరు గంటల లోపల దాని మీద పండబెడితే మెదడు ఇంకా చెడకుండా కొంత కాపాడొచ్చు. బిరీన పోండి" అని మమ్మల్ని 108 వాహనం ఎక్కించినారు.

2. సమయానికి చేరినాము. డ్రైవర్ ఓబుళేసు ఎక్కడా ఆపలేదు. మిషన్ ఉన్నది, ప్లాస్టిక్ కవరు కప్పి ఉండగా నా కళ్లతో చూసినాను. అయితే దాన్ని నడపడం నేర్చిన నర్సమ్మను డెప్యుటేషన్ మీద వేరే ఊరికి పంపినారట. వాళ్లు ఫోన్లు చేసినారు, మేము నిలబడినాము. ఆ గది బయటే గడువు దాటిపోయినది. ఎండకు మనుషులు పడిపోయే జిల్లాలో చల్లదనాన్ని కవరు కప్పి పెట్టి, నడిపే మనిషిని పంపేయడం ఏ రూలు ప్రకారమో తెలుపగలరు.

3. ప్రస్తుతం బిడ్డకు మెడ నిలవదు. పాలు మింగలేదు. ఫిట్స్ వస్తాయి. నందిని రోజూ గజ్జెలు మోగించి బిడ్డ కళ్లు తిప్పుతుందేమో చూస్తుంది. తిప్పదు.

4. వాహనంలో మా అమ్మ మారెమ్మ బిడ్డను కంబళిలో చుట్టిన మాట వాస్తవము. నాయనమ్మ వడికిన ఉన్నితో నేసిన కంబళిలో బిడ్డను వేసుకోవడం మా ఇంటి ఆచారము. కోడలికి నెల తప్పిన నాటి నుండి ఆమె ఉన్ని వడుకుతూనే ఉన్నది. బిడ్డ కదలకుండా ఉంటే చలి చేసిందనుకొని ఇంకో మడత వేసి గుండెకు కరుచుకున్నది. వద్దని ఎవరూ చెప్పలేదు.

5. దసరాకు ముందు సోమవారం గ్రీవెన్సుకు అమ్మను వెంటబెట్టుకొని వచ్చి జరిగినదంతా విన్నవించుకొనగా, తాము మిషన్ సంగతి వదిలిపెట్టి, అంత మంది జనం ముందర, "ఊపిరందని బిడ్డకు వేడి తగిలితే మెదడు ఇంకా చెడుతుందమ్మా. మే నెలలో కంబళి చుట్టినావే, బుద్ధి ఉందా నీకు?" అని మా అమ్మను అడిగినారు. ఆనాటి నుండి ఆమె బిడ్డను ముట్టడం లేదు. బిడ్డ ఏడిస్తే లేచి గొర్ల దొడ్లోకి పోతుంది. "నా చెయ్యి మంచిది కాదురా నాయనా, నన్ను పిలవొద్దు" అంటుంది.

6. తమ శాఖ వారే మా ఆస్పత్రి గోడ మీద "పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచండి" అని నీలం రంగుతో రాయించినారు. మా అమ్మకు చదువు రాదు. ఆశా కార్యకర్త చదివి వినిపిస్తే, "గవర్నమెంటోళ్లు గూడా మన మాటే చెప్తాండారే" అని మురిసిపోయినది. మామూలు బిడ్డలకు అది సరైన మాటేనని సారా గారు అన్నారు. ఏడవని బిడ్డకు వేరే అని మాత్రం ఆ గోడ మీద ఎక్కడా లేదు.

7. కంబళి వల్లనే చెడిందా అని పిల్లల డాక్టరును అడిగినాను. "కొంత కావచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడెవరు చెప్తారప్పా" అన్నారు. కావున ఆ సంగతి ఎవరికీ తెలియదని ఇందుమూలముగా మనవి.

కాబట్టి తాము దయతో ఆ నర్సమ్మను వెనక్కి పిలిపించవలెను. గోడ మీద ఇంకొక వరుస రాయించవలెను. ఈ రెండూ జరుగుతాయని నాకు నమ్మకం లేదు. మూడోది మాత్రం తమ నోటితో అయ్యే పని. మా అమ్మను పిలిచి, కంబళి వల్ల ఏమీ కాలేదని ఒక్క మాట చెప్పండి. అది నిజమో అబద్ధమో నాకు అక్కరలేదు. నేను చెప్తే నమ్మడం లేదు. తమరు అన్నదే నమ్మింది గనుక మళ్లీ తమరే అనవలెను. బిడ్డ మీద ఆశ ఎట్లాగూ వదులుకున్నాము. ముసలామె కూడా మా చేతిలోంచి పోతాంది సార్.

మళ్లీ సోమవారం రమ్మనక ఈ పూటే చిత్తగించవలెను.

వేరే గతి లేక తమ విధేయుడైన,
కురుబ వీరప్ప

తా.క.: మా అమ్మ నా వెంటే వచ్చి తమ ఆఫీసు సైకిల్ స్టాండు నీడలో కూర్చున్నది. ఆమె సంచిలో ఆ కంబళి ఉన్నది. "సారుకు అప్పజెప్తా, కాల్చేస్తారు. ఇంగ మనింట్లో అది ఉండకూడదు" అంటాంది. తాము చెప్పినా వినకపోతే, ఆమె ఎదుట కంబళి తీసుకోండి. నేను ఏదో వంకతో వెనక్కి వస్తాను, అటెండరు చేత నాకు ఇప్పించండి. ఫిట్స్ వచ్చి పోయినాక పాప దాంట్లో పండబెడితేనే ఏడుపు ఆపుతుంది, వేరే దేంట్లోనూ ఆపదు. ఈ మాట మా అమ్మకు చెప్పినాను. నన్ను ఊరడించడానికి అంటాండావు అని ఏడ్చింది. కాల్చొద్దు సార్. రాత్రికి పాపకు కావాల.