అన్నం తినకుండా వెళ్ళిన అబ్బాయి

జూలూరుపాడు

చిరంజీవి సుజనకు పెద్దనాన్న ఆశీస్సులు.

నిన్ను చూడ్డానికి వచ్చిన తల్లాడ అబ్బాయి నాగచైతన్య నీతో దొడ్లో కాసేపు మాట్లాడి, విస్తరి ముందు కూర్చోకుండానే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. సంబంధం ఖాయమైతేనే పెళ్ళివారు మనింట్లో అన్నం తింటారు. తినలేదంటే వద్దని అర్థం. మరి నవ్వెందుకు? ఊళ్ళో అందరూ అడుగుతుంటే తల కొట్టేసినట్టుంది.

ఇట్లు,
వెంకటప్పయ్య

తా.క. ఫోన్ చేస్తే మీ పెద్దమ్మ వింటుంది. ఆ రోజు కోడికూర ఆవిడే వండింది.

ఖమ్మం

పెద్దనాన్నకు నమస్కారాలు.

ఇలాంటి చిక్కుముళ్ళతోనే మేం హాస్టల్లో ఆడుకుంటాం. జవాబు తెలిసినవాళ్ళు అవును, లేదు అనే అనాలి. కథకు అక్కర్లేనిది అడిగితే అనవసరం అనాలి. నాకు జవాబు తెలుసు, నేరుగా చెప్పే ధైర్యం లేదు. మీరు అడగండి.

మీ సుజన

తా.క. ఆటలో అబద్ధం ఆడకూడదు.

జూలూరుపాడు

అమ్మా సుజనా,

కూరలో ఉప్పు ఎక్కువైందా? అబ్బాయికి కోపమొచ్చిందా? నువ్వేమైనా అన్నావా? అతను మంచివాడేనా?

వెంకటప్పయ్య

తా.క. మొదటి ప్రశ్న మీ పెద్దమ్మది. ఉత్తరం దొరికిపోయింది. "గిట్ల చాటుగ రాసుకునుడు ఏంది?" అన్నది.

ఖమ్మం

పెద్దనాన్నా,

అనవసరం. లేదు. అవును. అవును, చాలా.

సుజన

తా.క. "చాలా" ఆటలో లేదు. ఉండబట్టలేక రాశాను.

జూలూరుపాడు

సుజనా,

"చాలా" అన్నావు గనక నచ్చాడనుకుని తాంబూలం పట్టుకుని తల్లాడ వెళ్ళాను. నన్ను చూడగానే ఆ అబ్బాయి ప్రహరీ గోడ దూకాడు. వాళ్ళ నాన్నా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ టీ తాగాం. తిరుగు బస్సులో ఒక్కొక్కటే తట్టింది. నువ్వు వేరే ఎవరినైనా ఇష్టపడ్డావా? దొడ్లో ఆ మాటే చెప్పావా? అతనికీ ఒకమ్మాయి ఉందా? అందుకేనా బరువు దిగినట్టు నవ్వాడు? నువ్వు ఇష్టపడ్డవాడు మన కులమేనా?

వెంకటప్పయ్య

తా.క. "నా కూర అనవసరమా?" అని మీ పెద్దమ్మ పొయ్యి వెలిగించలేదు. నేనింకా తల్లాడ టీ మీదే ఉన్నాను.

ఖమ్మం

పెద్దనాన్నా,

అవును. అవును. అవును. అవును. అనవసరం.

మీరు వద్దంటే నేను ముందుకు వెళ్ళలేను. ఇప్పుడు నాదొకటే ప్రశ్న. మీకు కోపమొచ్చిందా?

సుజన

తా.క. ఆటలోని ఆ మూడు మాటల్లోనే చెప్పండి.

జూలూరుపాడు

చిరంజీవి సుజనకు,

అవును.

ఆదివారం నువ్వు ఇష్టపడ్డవాణ్ణి తీసుకురా. విస్తరి వేస్తాం. అన్నం తినకుండా కదలడానికి వీల్లేదు.

మీ పెద్దనాన్న

తా.క. ఇది పోస్టాఫీసులో నిలబడి రాస్తున్నాను. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైంది, మిగిలిందంతా నేనే తిన్నాను. ఆదివారం కూడా ఆవిడే వండుతుంది. ఎలా ఉందని అడిగితే బాగుందని చెప్పమను. అబద్ధం మీ ఆటలో లేదేమో గానీ మనింట్లో ఉంది.