చెయ్యి మాత్రం మార్చుకోను

కుట్టుగది అమ్మగారికి,

ఆసుపత్రి భోజనశాల మేనేజరు నమస్కరించి రాయునది. మీరు రోజూ చెంచా ముట్టకుండా చేత్తో తింటున్నారని తెలిసింది. మా చెంచాలు శుభ్రంగా ఉండవని మీ అనుమానం కాబోలు. రేపటి నుంచి మీ చెంచాని మరిగే నీళ్ళలో వేసి, కాగితం చుట్టి ఇస్తాం. అప్పటికీ చేత్తోనే తింటే మీ పళ్ళెం కుట్టుగదికే పంపాల్సి వస్తుంది.

ఇట్లు,
మీ మేలు కోరే మేనేజరు

తా.క.: చెంచా ఇంటికి పట్టుకుపోకండి.

*

మేనేజరు నాయనకు,

దేవుడి దయవల్ల క్షేమం. మీ చెంచాల మీద నాకే అనుమానమూ లేదు. ఈ దేశం వచ్చి, మీ ఆసుపత్రి దుప్పట్లు కుట్టే పనిలో చేరి మూడు నెలలైంది. పదకొండింటికే భోజనం అంటే సరే అన్నాను. చప్పటి కూర తిన్నాను, చల్లటి రొట్టె నమిలాను. చెయ్యి మాత్రం మార్చుకోను. కలుపుకుని తినకపోతే నాకు తిన్నట్టే ఉండదు. కుట్టుగదికీ పోను. మా ఆయనదీ నాదీ వేర్వేరు వేళల పని. నలుగురి మధ్య కూర్చుని తినేది నాకీ ఒక్క పూటే.

మీ క్షేమం కోరే,
కుట్టుగది ఆవిడ

తా.క.: కాగితం చుట్టిన చెంచా బాగుంది. మిషను కిందికి దొర్లిన దారపుండలు దాంతోనే లాగుతున్నాను.

*

అమ్మగారికి,

మీ ఉత్తరం చదివి మనసు చివుక్కుమంది. అంత పట్టుదలగా రాశారంటే, చెంచా పట్టుకోలేని బాధేదో దాస్తున్నారని అర్థమైంది. రోజంతా సూది పట్టిన వేళ్ళు కదా! మొహమాటపడకండి. రేపు ఒక నర్సు వచ్చి మీకు చెంచాతో తినిపిస్తుంది.

సానుభూతితో,
మేనేజరు

తా.క.: మీరు నోరు తెరిస్తే చాలు.

*

నాయనా,

నర్సమ్మ వచ్చింది. మా చెల్లెలి కూతురంత ఉంటుంది. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. "ముందు నువ్వు తినవే తల్లీ" అన్నాను. "ఒక చేతిలో మీ గిన్నె, ఇంకో చేతిలో మీ చెంచా. ఎలా తినను పెద్దమ్మా?" అంది. దేవుడికి దణ్ణం పెట్టుకుని, అన్నంలో కూర కలిపి, నేనే గోరుముద్దలు పెట్టాను. గిన్నె ఖాళీ. రేపు ఇద్దరు స్నేహితురాళ్ళని కూడా తెస్తుందట.

ఉంటాను,
కుట్టుగది ఆవిడ

తా.క.: రేపటి నుంచి అన్నం కాస్త ఎక్కువ వేయించండి. ఈరోజు నేను పస్తు.

*

అమ్మా,

ఇద్దరన్నారు. ఈరోజు పదకొండు మంది! ఎక్స్‌రే తీసే ఆయన కూడా నోరు తెరుచుకుని వరసలో నిలబడ్డాడు. "ఇది భోజనశాలా, పిచ్చుక గూడా?" అని పెద్ద డాక్టరుగారు అందరి ముందూ నన్ను కడిగేశారు. సోమవారం నుంచి మీ పళ్ళెం కుట్టుగదికే వస్తుంది. ఇదే ఆఖరి మాట.

ఇట్లు,
మేనేజరు

తా.క.: కడిగేశాక, ఆ ముద్దలో ఏం కలిపారని కూడా అడిగారు. దయచేసి తెలుపగలరు.

*

మేనేజరు నాయనకు,

మీరన్నట్టే సోమవారం నా పళ్ళెం కుట్టుగదికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని దణ్ణం పెట్టుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నర్సమ్మా వాళ్ళూ ఎదురుగా ఖాళీ పళ్ళెం పెట్టి, తలా కాస్త వడ్డిస్తున్నారు. పెద్ద డాక్టరుగారైతే తన కూరంతా వంపేశారు. మీరొక్కరే మూల బల్ల దగ్గర తల వంచుకుని తింటూ కనిపించారు. నా మనసు ఊరుకోలేదు. రేపటి నుంచి మా బల్లకి రండి. చెంచాతోనే తినండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. చెంచాతో తినేవాళ్ళని వేరే గదికి పంపే అలవాటు మాకు లేదు.

మీ భోజనం కోసం ఎదురుచూసే,
కుట్టుగది ఆవిడ

తా.క.: వచ్చేటప్పుడు మీ కుర్చీ మీరే తెచ్చుకోండి. మా దగ్గర ఖాళీ లేవు.