మా ఆవిడ దేశం ఉందో లేదో తేల్చమని

విదేశీ రాయబార కార్యాలయాల వ్యవహారాలు చూచు ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూతబడిన రాయబార కార్యాలయములో ఉంటున్న నా భార్యను శస్త్రచికిత్స నిమిత్తము నాలుగు వీధుల అవతలి ఆసుపత్రికి తీసుకువెళ్ళి, తిరిగి తెచ్చుకొనుటకు అనుమతి కోరుట గురించి.

సూచిక: ఇదే విషయమై లోగడ ఇచ్చుకున్న అర్జీలు ఆరు. వచ్చిన జవాబు ఒకటి. అది జవాబు కాదని అందులోనే రాసి ఉన్నది.

నేను సదరు కార్యాలయపు గేటు దగ్గర పద్నాలుగేళ్ళుగా కాపలా ఉద్యోగం చేయుచున్నవాడను. నేను ఈ దేశపు పౌరుడనే. నా భార్య ఆ కార్యాలయం ఏ దేశానిదో ఆ దేశపు మనిషి, రాయబారి గారి వెంట వంటమనిషిగా వచ్చినది. ఆరు అర్జీలలో మర్యాద కోసం చెప్పకుండా వదిలేసినవి కూడా ఈసారి చెప్పుకొంటున్నాను.

1. మూడేళ్ళ క్రితం సదరు దేశం మూడు ముక్కలైనది. ఆ సంగతి మేము వంటగది రేడియోలో విన్నాము. ఆ వారంలోనే రాయబారి గారు పెట్టె సర్దుకొని, తాళాలగుత్తి నా చేతిలో పెట్టి, "ఎవరొస్తే వాళ్ళకివ్వు" అని వెళ్ళిపోయారు. ఇంతవరకు ఎవరూ రాలేదు. భవనం మాదంటే మాదని మూడు ముక్కల వాళ్ళూ తమరి కార్యాలయానికి ఉత్తరాలు రాస్తున్నారని వినికిడి. లోపలున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మీదంటే మీదని ఒకరి మీదికి ఒకరు నెట్టుకుంటున్నారు.

2. నా భార్య వీసా రాయబార కార్యాలయం లోపల ఉన్నంతవరకే చెల్లునట. ఆమె దేశంవాడే అయిన మా కార్యాలయపు డ్రైవరు గడ్డం గీసుకునే బ్లేడు కోసం వీధి మలుపు దాకా వెళ్ళి, మూడేళ్ళుగా విదేశీయుల నిర్బంధ కేంద్రంలో ఉన్నాడు. ఏ దేశానికి పంపాలో తేలక అతన్ని పంపడమూ లేదు, వదలడమూ లేదు. ఆనాటి నుంచి మా ఆవిడ గేటు దాటలేదు. రొట్టెల షాపతను రోజూ కమ్మీల మధ్య నుంచి రొట్టె అందిస్తూ, "అక్కా, ఇవాళ మెత్తగా వచ్చింది చూడు" అంటాడు. మూడేళ్ళుగా ఆమెకు ఊరంటే అంతే.

3. భార్య అని రాస్తున్నాను గాని, తమ రికార్డుల ప్రకారం ఆమె నా భార్య కాదు. మా పెళ్ళి రాయబారి గారే ఆ దేశపు చట్టం ప్రకారం జరిపించి, ముద్ర వేసి కాగితం ఇచ్చారు. తమ పెద్ద గుమాస్తా గారు దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "ముద్ర అసలుదేనని ఆ దేశం వాళ్ళు ధ్రువీకరించాలి. వెళ్ళి తీసుకురండి" అన్నారు. ఎక్కడికి వెళ్ళాలో ఆయన చెప్పలేదు. ఏడేళ్ళు కాపురం చేసి నేను కాగితాల్లో బ్రహ్మచారిగానే ఉన్నాను.

4. ఇప్పుడు అసలు సంగతి. గత నెలలో ఒకనాటి ఉదయం మా ఆవిడ స్నానం చేసి వచ్చి, నా చెయ్యి తీసుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టి, "ఇక్కడ చూడు" అన్నది. గోళీకాయంత గడ్డ తగిలింది. వీధి చివరి డాక్టరమ్మ గారిని పిలుచుకువచ్చాను. రాయబారి అనుమతి లేనిదే కొత్తవారిని లోపలికి పంపకూడదని గేటు బయటి కానిస్టేబుల్ అన్నాడు. ఏ రాయబారి అంటే, అది తనకు తెలియదన్నాడు. చివరకు మా ఆవిడ లోపల కమ్మీలకు ఆనుకుని నిలబడింది. డాక్టరమ్మ గారు బయట నుంచి చెయ్యి పెట్టి పరీక్ష చేశారు. అంతసేపూ నేను దుప్పటి అడ్డం పట్టుకొని వీధి వైపు తిరిగి నిలబడ్డాను. "నెల లోపల తీయించెయ్యాలి. ఆ తర్వాతైతే నేనేం చెప్పలేను" అన్నారావిడ. ఈనాటికి ఇరవై మూడు రోజులైనవి.

5. తమ కార్యాలయానికి చెప్పులరిగేలా తిరిగాను. పెద్ద గుమాస్తా గారు మంచివారు, ప్రతిసారీ కూర్చోమంటారు. "పెద్దాయనా, రాజ్యం అనిపించుకోవాలంటే నాలుగుండాలి. స్థిరంగా ఉండే జనం, హద్దులున్న నేల, ఒక ప్రభుత్వం, బయటి రాజ్యాలతో వ్యవహారం నడిపే శక్తి" అని విడమరిచి చెప్పారు. ఇంటికి వచ్చి ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను. జనం ఒక్కతే గాని, మూడేళ్ళు కదలకుండా ఉన్నది. నేల గేటు నుంచి బట్టలారేసే తీగ దాకా ఉన్నది. ప్రభుత్వమూ ఆవిడే, చెప్పినట్టు వినేవాడిని నేను. బయటి వ్యవహారం రొట్టెల షాపుతో సజావుగా నడుస్తున్నది. మర్నాడు ఇదే మాట చెబితే ఆయన నవ్వి, "ఆ నేల కూడా వాళ్ళది కాదయ్యా, మనదే. మర్యాద కోసం మనం అడుగు పెట్టం, అంతే" అన్నారు. మన నేలే అయితే మా ఆవిడ మన దేశంలోనే ఉన్నట్టు కదా సార్ అన్నాను. ఆయన నవ్వడం మానేసి ఫైలు మూశారు.

6. అనుమతి ఉత్తరం ఆ దేశ ప్రభుత్వపు కాగితం మీద రావాలన్నారు. స్టోరు గదిలో ఆ కాగితాలు నాలుగు కట్టలు ఉన్నవి. ఒకటి తీసి నేనే రాసి, ముద్ర వేసి పంపాను. తాళాలు నా దగ్గరే ఉన్నాయి గనుక ఆ పని కూడా నాదే అనుకున్నాను. తప్పయితే క్షమించగలరు. దానికి వచ్చిన జవాబు ఇది: "మీ లేఖ అందినందుకు సంతోషము. ఇందువలన మీ రాజ్యమును మేము గుర్తించినట్టు భావించరాదు. కావున ఈ జవాబు ఇచ్చినట్టు కూడా భావించరాదు." ఆసుపత్రివారు దీన్ని రెండుసార్లు చదివి నాకే తిరిగి ఇచ్చారు.

కావున తమరిని కోరుకొనునది:

(అ) శస్త్రచికిత్స జరిగే వారం రోజులపాటు సదరు దేశం ఉన్నదని గుర్తించండి. ఎనిమిదో రోజున మానేయండి. మేము ఎవరికీ చెప్పము.

(ఆ) అది కుదరనిచో, ఆ దేశం ఇక లేదని రాసి సంతకం చేయండి. అప్పుడు మా గేటు మామూలు గేటు అవుతుంది. ఏ దేశమూ లేనివారికి ఇచ్చే కాగితం ఆమెకు దొరుకుతుంది, దానితో ఆసుపత్రిలో చేర్చుకుంటారు. ఇలాంటి పద్ధతి ఒకటి ఉందని గుమాస్తా గారే చెప్పారు.

(ఇ) రెండూ కుదరనిచో, ఆపరేషను చేసే డాక్టరు గారినే లోపలికి పంపండి. వంటగది బల్ల పొడుగ్గానే ఉన్నది. వేణ్ణీళ్ళతో కడిగి ఉంచుతాను.

అయ్యా, నాకు ఇంకేమీ తోచడం లేదు. గేటు తాళంచెవి నా జేబులోనే ఉంది. పద్నాలుగేళ్ళుగా ఎవరెవరి కార్లకో ఆ గేటు తెరిచాను. కట్టుకున్న మనిషికి మాత్రం తెరవలేకున్నాను. తెరిస్తే డ్రైవరు దగ్గరికి పోతుంది, తెరవకపోతే అసలే పోతుంది.

ఏడోసారి కూడా విసుక్కోక చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
గేటు కాపలాదారు

మనవి: పై అర్జీ మా ఆవిడకు చదివి వినిపించాను. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ విన్నది. (అ) దగ్గర నవ్వింది. (ఆ) దగ్గర కత్తి పక్కన పెట్టింది.

"నా దేశం లేదని నువ్వే రాస్తావా?"

"ఆసుపత్రి కోసమే కదా" అన్నాను.

"మా అమ్మ అక్కడి మట్టిలో ఉంది. వాళ్ళు మూడు చేసుకోనీ, ముప్పై చేసుకోనీ. నా ఇంట్లో మాత్రం ఆ మాట రాయొద్దు. గడ్డ ఉంటే ఉంటుంది. ఆ ముక్క కొట్టేయ్."

ఆవిడ చూస్తుండగానే (ఆ) మీద గీత కొట్టేశాను. ఆవిడకు మన అక్షరాలు రావు గనుక ధైర్యం చేసి ఇది రాస్తున్నాను. గీత సన్నగానే కొట్టాను, కింది అక్షరాలు కనిపిస్తాయి. అయ్యా, (ఆ) మంజూరు చేయండి. ఎవరడిగారని ఆవిడ అడిగితే, ఎవరూ అడగలేదని చెప్పండి.