చిటికెన వేలి కింది ఎముక

సిరిసిల్ల

బామ్మర్ది సత్తయ్యకు మీ బావ గంగారాం దీవించి రాయునది. ఇక్కడ నేను తప్ప అందరూ క్షేమం.

ఫోను చేస్తే మీ అక్క శారదే ఎత్తుతుంది. “తిన్నవా? గోలీలు ఏసుకున్నవా?” అని అడిగి పెట్టేస్తుంది. మన మాటలు ఉత్తరంలోనే భద్రం. రాఖీనాడు నా మోకాలి నొప్పి చూసి ఆగిపోయింది. మర్నాడు నీ కుడిచెయ్యి విరిగిందని విని కోరుట్ల పరుగెత్తింది. నేటికి ఇరవై నాలుగు రోజులు. ముద్దలు కలిపి నీ నోట్లో పెడుతోందట! నాకు నలభై రెండేళ్లలో నీళ్ల గ్లాసైనా చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టి పోతుంది.

చెయ్యి ఎలా విరిగింది? ఆమెను ఎప్పుడు పంపుతావు? రెండోదానికి ముందు జవాబు రాయి.

ఇట్లు, గంగారాం

తా.క. బట్టలు నేసే సాంచెల మోతలో పోయిన చెవులకు కుక్కర్ విజిల్ వినబడదు. పప్పు అడుగంటింది. మీ అక్కే వచ్చి గీకాలి.

కోరుట్ల

బావకు దండాలు.

బాత్రూంల జారిపడ్డ బావా. చిటికెన వేలు కింది బొక్క ఇరిగింది. జగిత్యాల డాక్టర్ కట్టు ఏసిండు. అక్క పొద్దుగాల పాయ సూపు, పగటిపూట బత్తాయి రసం, రాత్రికి ముద్దలు. అక్క పోతనన్నప్పుడల్లా నొప్పి లేస్తున్నది. ఏం జెయ్యాలె?

నీ సత్తయ్య

తా.క. రాఖీ కట్టు మీదనే కట్టింది. డాక్టర్ గూడ మెచ్చుకున్నడు.

సిరిసిల్ల

సత్తయ్యకు, ఈసారి దీవెనలు కొంచెం తగ్గించి, మీ బావ రాయునది.

మోకాలు చూపించుకునే నెపంతో జగిత్యాలలో నీ డాక్టరు దగ్గరికే వెళ్లాను. నా టోకెన్ నలభై ఒకటి. ఏం చేయను, బెంచీ మీద కూర్చుని మనుషులను లెక్కపెట్టాను. ఎముకలు విరిగి వచ్చినవాళ్లు ఇరవై మంది, అందులో అయిదుగురికి చేతులే. కంపౌండర్ దేవేందర్ శాస్త్రం విప్పాడు: “చేతులు ఇరుగుడు మస్తు మామూలు తాతా. యాభై దాటిన ఆడోళ్లు జారిపడి అరచెయ్యి ఆనిస్తరు, మణికట్టు పోతది. పోరగాండ్లకు బాల్ తాకి వేళ్లు. చిటికెన వేలు కిందిది మాత్రం మగోళ్లది, అందుల పడుసోళ్లది. కోపానికి గోడను గుద్దుతరు.”

నీకు అరవై ఒకటి. గోడతో నీకేం పగ?

ఇంకొకటి. నీ ఉత్తరంలో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కుడిచెయ్యి కట్టులో ఉన్నవాడి రాత అది కాదు. నీ చెయ్యి ఎప్పుడో అతికింది! ముద్దల కోసం నా భార్యను ఆపుకున్నావు.

ఇట్లు, అంతా తెలిసిపోయిన గంగారాం

తా.క. జగిత్యాలలో కోరుట్ల బస్సు నా ముందే ఆగింది. ఎక్కలేదు. మూడు బస్సులు ఎక్కలేదు.

కోరుట్ల

బావా, దండం.

గోడ ముచ్చట రాసి నన్ను ఆగం జేసినవ్. నీ ఉత్తరం ఇంట్ల అందరు ఇన్నరు. అక్క పోయి గోడకు సున్నం రాలిన జాగ చూసొచ్చింది. ఇయ్యాల ముద్దల్లెవ్వు, చెంచా ఇచ్చింది. రాత సంగతి అడగకు.

సత్తయ్య

తా.క. ‘ఎప్పుడు పోతవే?’ అని అక్కను అడిగిన. ‘పంపు పంపు అని నీకు రాస్తుండు, రా అని నాకు రాసిండా? బతుకమ్మ గూడ ఈడ్నే ఆడుత’ అన్నది.

సిరిసిల్ల

సత్తయ్యకు,

అక్షరాలు పాకుతున్నాయి, ఏమనుకోకు. ఎడమచేత్తో రాస్తున్నాను. బాత్రూంలో జారాను. కుడిచెయ్యి. ఏ ఎముక అని అడగకు. శారదకు చెప్పకు.

గంగారాం

తా.క. చెబితే నేనేమీ కోప్పడను.

కోరుట్ల

ఏమయ్యా,

నేను, శారదను. మొదటి నుంచి తమ్ముడు చెప్పిండు, నేను రాసిన. పిల్లల బడి చీటీలన్ని నేనే రాస్తి, నలభై రెండేండ్లల్ల నా రాత నీకు ఎరుక లేకపాయె!

బాత్రూంల జారితె మణికట్టు పోతదని దేవేందర్ శాస్త్రం రాసింది నువ్వే. పక్కింటి కల్పనకు ఫోన్ జేసిన. చిటికెన వేలు కిందిదేనట. నా బీరువాకు సొట్ట గూడ పడ్డదట. అరవై ఆరేండ్లకు పడుసోనివైనవ్. నీళ్ల గ్లాసు నేను చేతికియ్యనంటివి. ఇద్దామంటె, అందుకునే చెయ్యే ఇరగ్గొట్టుకున్నవ్.

రేపు పొద్దుగాల బస్సుకు వస్తున్న. కుక్కర్ ముట్టకు.

శారద

తా.క. రాఖీనాడు నువ్వు నన్ను ఈడికి తోలియ్యలేదని తమ్ముడు గోడను గుద్దిండట. వాన్ని గూడ తోల్కొస్తున్న. ఇద్దరిని ఎదురెదురు కూసోబెట్టి ఒక్కటే పళ్లెంల కలుపుత. ముద్ద ముందు ఎవరికి అని అడిగినోనికి చెంచా.