పసుపుగుడ్డ కట్టిన వేపచెట్లు

నైనా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. తిరువొత్తియూరులో మన వీధి వెనక, షిఫ్టు దిగొచ్చి నువ్వు నీళ్లు పోసి పెంచిన వేపతోపును నిన్న రోడ్డు కోసం కొట్టేశారు.

అమ్మవారి చెట్లంటే ఎవడూ గొడ్డలి వేయడని మేమే వాటికి పసుపుగుడ్డలు చుట్టి కుంకుమ పెట్టాం. కాంట్రాక్టరు మాతో వాదించనే లేదు. పూజారిని తెచ్చి, కొబ్బరికాయ కొట్టించి, కర్పూరం వెలిగించాడు.

"అమ్మోరు ఉత్తరువిచ్చేసింది, తప్పుకోండి" అన్నాడు.

మనవాళ్లు చెంపలేసుకుని తప్పుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఏందిమా, ఆడ కొడతా ఉంటే దండం పెడతావా?" అని అమ్మ మీద అరిచాను.

"అమ్మోరే ఒప్పుకున్నాక నువ్వెవుడ్రా? ఈడికి రా" అంది, ఏడుస్తూనే.

దేవత చెట్లని చెప్పి చెడ్డాం నైనా. నీ చెట్లని చెప్పాల్సింది. అప్పుడు ఉత్తరువు అడగడానికి వాళ్లకు నువ్వు దొరికేవాడివి కాదు.

నీ కొడుకు